రాత్రి ఫ్యాక్టరీ ఫోటో షార్ప్‌గా రావాలంటే: లెన్స్ మార్చాలా, పద్ధతి మార్చాలా?

"అన్నా, ఈ ఫోటో చూసి చెప్పండి, లెన్స్ మార్చాలా?" అని విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఉండే ఒక ఇంజినీరింగ్ కుర్రాడు మొన్న అడిగాడు. ఫోటోలో ఉన్నది వాళ్ల ఊరి థర్మల్ ప్లాంటే. రాత్రి ఎనిమిదిన్నరకు తీశాడు. ఫోన్ స్క్రీన్ మీద బాగానే ఉంది. పెద్దది చేసి చూస్తే చిమ్నీల మీది ఎర్ర దీపాలు చుక్కల్లా లేవు, చిన్న చిన్న కొక్కేల్లా ఉన్నాయి. మెట్ల రెయిలింగులు అసలు కనబడటం లేదు. అతని దగ్గర ఉన్నది కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్స్. ముప్పై వేలు పోగుచేసి కొత్తది కొందామనుకుంటున్నాడు.

వద్దన్నాను. ఆ కొక్కేలు లెన్స్ వల్ల వచ్చేవి కావు. కెమెరా కదిలితే వస్తాయి. ముప్పై వేల లెన్స్ పెట్టినా అవే కొక్కేలు, ఇంకాస్త స్పష్టంగా వచ్చేవి.

రాత్రిపూట పరిశ్రమల ఫోటోలు తీసేవాళ్లలో చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకోవడం చూశాను. మసక ఒకటే అనుకుంటాం. నిజానికి అది నాలుగైదు రకాలు. ఒక్కో రకానికి మందు వేరు. మీ ఫోటోకి వచ్చిన జబ్బు ఏదో తెలిస్తే ఏది కొనాలి, ఏది మానుకోవాలి అన్నది దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ముందు దీపాన్ని చూడండి

ఫోటోని కంప్యూటర్‌లో నూరు శాతం సైజుకి పెంచి, దూరంగా ఉన్న ఒక చిన్న దీపం దగ్గర ఆగండి. భవనాన్ని వదిలేసి దీపాన్నే చూడండి.

దీపం గీతలా, కొక్కెంలా సాగి ఉండి, ఫోటోలోని దీపాలన్నీ అదే ఆకారంలో ఉంటే కెమెరా కదిలింది. దీపం గుండ్రటి బిళ్లలా ఉబ్బి ఉంటే ఫోకస్ తప్పింది. దగ్గరి వస్తువులు బాగుండి, దూరంగా ఉన్న అంచులు మాత్రం నీళ్లలోంచి చూసినట్టు వంకరపోయి ఉంటే అది గాలి పని. మిగతా చోట్ల అంతా బాగుండి, దీపాల చుట్టూ ఉన్న పైపులు, గోడలు మాత్రం తెల్లగానో పసుపుగానో కరిగిపోయి ఉంటే వెలుతురు ఎక్కువైంది. లేని చోట, ఫ్రేముకి అవతలి మూలలో, తలకిందులుగా దీపాల ప్రతిబింబాలు కనబడితే లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టర్‌ని అనుమానించండి. రాత్రిపూట దాన్ని తీసి సంచిలో పెట్టేయడమే మేలు.

ఇంకో రకం కూడా ఉంది. మా తెలుగు తీరంలో తరచుగా ఎదురవుతుంది. ఫోటో మొత్తం పాలపొరలా, ప్రతి దీపం చుట్టూ వలయంతో వస్తుంది. ఏసీ కారులోంచో ఏసీ గదిలోంచో కెమెరా తీసి విశాఖలోనో కాకినాడలోనో ఉక్కగాలిలో పెడితే లెన్స్ మీద తేమ పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. కెమెరాని సంచిలోంచి తీయకుండా అరగంట ముందే బయట పెట్టి, బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. దీనికి ఖర్చు లేదు.

చేతిలో పట్టుకోవాలా, ఆనించాలా, ట్రైపాడ్ మీద పెట్టాలా

ఎంత కదిలితే పాడవుతుందో లెక్క వేసి చూద్దాం. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ కెమెరాకి (వెలుతురు పట్టే సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నగా ఉండే రకం) 200 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టారనుకోండి. కిలోమీటరు దూరంలో ఒక పిక్సెల్ సుమారు 2 సెంటీమీటర్లను చూస్తుంది. మెట్ల రెయిలింగు మందం రెండు పిక్సెళ్లకు మించదు. ఆ రెయిలింగు మసకబారడానికి కెమెరా తిరగాల్సింది డిగ్రీలో వెయ్యో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. ఆ కదలిక కంటికి తెలియదు, చేతికి తెలియదు.

అందుకే నా మొదటి ఓటు ట్రైపాడ్‌కే. అయితే అన్ని ట్రైపాడ్‌లూ ట్రైపాడ్‌లు కావు. నేను మొదట కొన్నది తేలికపాటి అల్యూమినియంది, మధ్య స్తంభం పైకి లాగితే మనిషంత ఎత్తు వచ్చేది. ఆ స్తంభం లాగిన ప్రతిసారీ ఫోటో పోయింది. ఎత్తు తగ్గినా పరవాలేదు, మధ్య స్తంభం కిందికే ఉంచాలి. కాళ్లలో అన్నిటికంటే సన్నగా ఉండే చివరి గొట్టాన్ని అవసరం లేకపోతే లాగకూడదు. సంచి బరువు వేలాడదీయాలంటే అది నేలకు ఆనుతూ ఉండాలి. గాలికి ఊగే సంచి మంచికన్నా చెడే ఎక్కువ చేస్తుంది. కొనేటప్పుడు ఎత్తు, రంగు, ఉచితంగా ఇచ్చే సంచి కన్నా చూడాల్సింది ఒకటే. తల భాగం బిగించాక పైన అరచేతితో నొక్కితే ఒరగకుండా ఉంటుందా లేదా? ఒరిగితే ఎంత తక్కువ ధరకి ఇచ్చినా వద్దు.

ట్రైపాడ్ లేని రోజున గోడ మీద బియ్యం సంచో, ఇసుక సంచో పరిచి దాని మీద కెమెరా పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. సన్నకాళ్ల ట్రైపాడ్ కంటే ఇది ఎన్నోసార్లు మేలు చేసింది. ఫ్రేము మీకు నచ్చినట్టు కుదరకపోవచ్చు, షార్ప్‌నెస్ మాత్రం కుదురుతుంది.

చేత్తో పట్టుకుని తీయడం ఎప్పుడూ తప్పే అనను. ట్రైపాడ్ పనికిరాని చోట్లు ఉన్నాయి. జపాన్‌లో కవాసాకి రేవు చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల దీపాలు చూపించడానికే రాత్రి పడవలు నడుపుతారు. ఊగే పడవ మీద ట్రైపాడ్ వేస్తే అది కూడా పడవతో పాటే ఊగుతుంది. అక్కడ వెడల్పు అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె తగ్గిన కొద్దీ పెద్దది) ఉన్న 50 ఎఫ్/1.8 లాంటి లెన్స్, ఎక్కువ ఐఎస్ఓ (తక్కువ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె), చేతులు దగ్గరగా బిగించి వరసగా పదీ ఇరవై ఫోటోలు. అందులో ఒకటో రెండో షార్ప్‌గా వస్తాయి. కొత్త లెన్స్ కొనడానికి నేను ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే.

వంతెనల మీద జాగ్రత్త. రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన లాంటి చోట లారీ వెళ్లినా, కింద రైలు వెళ్లినా నేల వణుకుతుంది. ట్రైపాడ్ ఆ వణుకుని నేరుగా కెమెరాకి అందిస్తుంది. వాహనాల మధ్య ఖాళీ చూసుకుని, తక్కువ సేపు వెలుతురు పట్టే చిన్న ఎక్స్‌పోజర్లు తీయడమో, వంతెన దిగి ఒడ్డు మీదికి వెళ్లడమో చేయాలి. నేనైతే ఒడ్డు మీదికే వెళ్తాను.

ట్రైపాడ్ మీద పెట్టాక కూడా బటన్‌ని వేలితో నొక్కితే పని చెడుతుంది. రిమోట్ కొనాలా, టైమర్ చాలా అని అడుగుతారు. ముప్పై సెకన్ల లోపు ఫోటోలకి టైమర్ చాలు. లెన్స్ పొడుగైతే రెండు సెకన్లు బదులు పది సెకన్లు పెట్టండి, తాకిన వణుకు పూర్తిగా ఆగడానికి టైం కావాలి. ముప్పై సెకన్లు దాటి, బటన్ నొక్కినంతసేపూ తెరిచి ఉండే బల్బ్ మోడ్‌లో తీసేవాళ్లకే రిమోట్ అవసరం. డీఎస్ఎల్ఆర్ అయితే లోపలి అద్దాన్ని ముందే లేపి ఉంచే మిర్రర్ లాకప్ ఆన్ చేయండి. అద్దం లేచే కుదుపు సెకనులో అరవయ్యో వంతు నుంచి ఒక సెకను వరకు ఉండే ఫోటోల్లో ఎక్కువ కనబడుతుంది. ఇరవై సెకన్ల ఫోటోలో అది లెక్కలోకి రాదు. కెమెరాలోనో లెన్స్‌లోనో ఉండే స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) సంగతి కొంచెం తిరకాసు. కొత్తవి ట్రైపాడ్‌ని గుర్తుపడతాయి, పాతవి లేని కదలికని వెతుక్కుంటూ తామే కదులుతాయి. ఆఫ్ చేసి ఒకటి, ఆన్ చేసి ఒకటి తీసి మీ కెమెరా ఏ రకమో ఒక్కసారి తేల్చుకోండి.

ఐఎస్ఓ 100లో పదిహేను సెకన్లా, ఐఎస్ఓ 800లో రెండు సెకన్లా

ఎఫ్/8లో రెండూ దాదాపు ఒకే వెలుతురునిస్తాయి. పుస్తకాల్లో ఐఎస్ఓ 100 అనే ఉంటుంది. గాలి లేని రాత్రి, గట్టి నేల, కదలని కట్టడం ఉంటే నేనూ అదే అంటాను. నాయిస్ (ఫోటో మీది గరుకు చుక్కలు) ఉండదు, నీడల్లోని పైపులన్నీ కనబడతాయి.

కానీ ఫ్యాక్టరీలో అన్నీ కదలకుండా ఉండవు. గాలికి తీగలు ఊగుతాయి, కన్వేయర్ నడుస్తుంది, క్రేన్ తిరుగుతుంది. విశాఖ బీచ్ రోడ్డు నుంచి చూస్తే రేవులోకి పిలుపు కోసం బయటే లంగరు వేసుకుని దీపాలతో నిలబడిన ఓడలు కనిపిస్తాయి. అవి నిలబడినట్టే ఉంటాయి గానీ అల మీద ఊగుతూ, లంగరు చుట్టూ మెల్లగా తిరుగుతూ ఉంటాయి. ఎంత గట్టి ట్రైపాడ్ వేసినా పదిహేను సెకన్లలో ఓడ దీపాలు గీతలవుతాయి. అక్కడ ఐఎస్ఓ 1600 పెట్టి, అపర్చర్ తెరిచి సెకనులో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో రావడమే సరైన పని. నాయిస్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన దీపాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా వెనక్కి తేలేదు.

నాకు బాగా నచ్చిన మధ్యేమార్గం ఒకటుంది. గాలి ఉన్న రాత్రి రెండు సెకన్ల ఫోటోలు పదహారు తీయండి. కదిలినవి ఏరి పారేసి, మిగిలినవాటిని సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయండి. పదహారూ బాగుంటే నాయిస్ నాలుగో వంతుకి పడిపోతుంది. పదిహేను సెకన్ల ఫోటో ఒక్క గాలి విసురుకి మొత్తం పోతుంది. ఇక్కడ పోయేది పదహారింటిలో రెండో మూడో.

ఆవిరి, పొగ గురించి భయపడకండి. అవి ఇరవై సెకన్లలో దూదిలా మెత్తబడతాయి, దాన్ని మసక అనరు. పైగా పక్కనున్న ఇనుము మరింత పదునుగా కనిపిస్తుంది. రిఫైనరీ మంట వేరు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే మంటకి ఆకారమే ఉండదు, తెల్లటి ముద్దవుతుంది. మంట కోసం చిన్న ఎక్స్‌పోజర్ విడిగా తీసి తర్వాత కలుపుకోవాలి.

ఇదంతా కదలని వాటికి. కదిలే రైలింజన్‌ని రాత్రిపూట నిలబెట్టాలంటే? 1955 నుంచి 1960 వరకు అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఫోటోగ్రాఫర్ నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే ఆవిరి ఇంజన్లను తీశారు. ఆయన ఎక్స్‌పోజర్ పొడిగించలేదు. పట్టాల పక్కన ఎన్నో ఫ్లాష్ బల్బులను తీగలతో కలిపి ఒకేసారి వెలిగించారు. మనకి ఫ్యాక్టరీ పక్కన అది కుదరదు, అక్కడ పనిచేసేవాళ్ల కళ్లల్లో ఫ్లాష్ కొట్టడం ప్రమాదం కూడా. ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది వస్తువు కదలికని బట్టి తేల్చుకోవాలన్న పాఠం మాత్రం ఆయన పనిలో చక్కగా కనిపిస్తుంది.

అపర్చర్: ఎఫ్/1.8, ఎఫ్/8, ఎఫ్/16

ఇది త్వరగా తేలిపోయే విషయం. చాలా లెన్స్‌లు ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్యలో అన్నిటికంటే పదునుగా ఉంటాయి. కెమెరాతో వచ్చే 18-55 కూడా ఎఫ్/8 దగ్గర ఖరీదైన లెన్స్‌కి బాగా దగ్గరగా వస్తుంది. ఆ కుర్రాడికి కొత్త లెన్స్ వద్దనడానికి ఇదే కారణం.

దీపాలు నక్షత్రాల్లా రావాలని ఎఫ్/16 పెడతారు. అందంగానే ఉంటుంది. అయితే రంధ్రం చిన్నదైన కొద్దీ వెలుగు అంచుల దగ్గర వంగి చెదురుతుంది. ఎఫ్/8లో ఒక చుక్క సెన్సర్ మీద సుమారు 11 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిళ్ల అయితే, ఎఫ్/16లో 21 మైక్రాన్లు దాటుతుంది. పిక్సెల్ సైజేమో 4 మైక్రాన్లు. నక్షత్రం కావాలంటే ఎఫ్/11 దగ్గర ఆగండి. అపర్చర్ రంధ్రాన్ని మూసే బ్లేడులు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసిలో ఉంటే రెట్టింపు కిరణాలు వస్తాయి.

"ముందు నుంచి వెనక దాకా అంతా ఫోకస్‌లో ఉండాలిగా, అందుకే ఎఫ్/16" అనేవాళ్లకి ఒక మాట. ఏపీఎస్-సీ కెమెరా మీద 50 మిల్లీమీటర్ల లెన్స్‌ని సరిగ్గా దూరానికి ఫోకస్ చేస్తే ఎఫ్/8లో సుమారు 16 మీటర్ల నుంచీ అంతా బాగుంటుంది. ప్లాంటు అర కిలోమీటరు దూరంలో ఉంటే ఎఫ్/16తో ఒరిగేదేమీ లేదు.

ఫోకస్: ఆటోనా, మాన్యువలా

రెండూ వాడాలి, ఒకదాని తర్వాత ఒకటి. చీకటి గోడ మీద ఆటోఫోకస్ తడుముకుంటుంది. దీపం వెలుగులో స్పష్టంగా కనిపించే ఒక అంచుని, అంటే చిమ్నీ అంచునో మెట్ల మూలనో, మధ్య పాయింటుతో పట్టుకుని ఆటోఫోకస్ చేయండి. వెంటనే లెన్స్‌ని మాన్యువల్‌కి మార్చండి. లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద, పదింతలు పెంచి చూసి, దీపం వీలైనంత చిన్న చుక్క అయ్యేలా రింగు తిప్పండి.

లెన్స్ మీద ఉండే అనంతం గుర్తుని నమ్మి అక్కడ ఆపేయడం నేను చూసిన వాటిలో పెద్ద పొరపాటు. చాలా లెన్స్‌లు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతాయి. వేడిని బట్టి కూడా ఫోకస్ కాస్త జరుగుతుంది. జూమ్ మార్చినా, చోటు మారినా, గంట గడిచినా మళ్లీ చూసుకోవాలి.

దగ్గర నుంచి చిన్న లెన్సా, దూరం నుంచి పెద్ద లెన్సా

జనం తక్కువగా మాట్లాడే విషయం ఇది. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. మండే ఎండలో కాగిన రోడ్డు, కాంక్రీటు, రేకుల షెడ్లు రాత్రి పది దాకా వేడిని వదులుతూనే ఉంటాయి. ఆ వేడిగాలి పైకి లేస్తూ వెలుగుని వంచుతుంది. రెండు కిలోమీటర్ల నుంచి 300 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే ఆ రెండు కిలోమీటర్ల గాలీ మీ ఫోటోలోకి వస్తుంది. ట్రైపాడ్, లెన్స్, ఫోకస్ అన్నీ సరిగ్గా ఉన్నా అంచులు వంకరపోతాయి. ఎందుకో అర్థం కాక టెన్షన్ పడతాం.

అందుకని అనుమతి ఉన్నంత దగ్గరికి వెళ్లి 35, 50 లాంటి లెన్స్‌తో తీయడం వైపే మొగ్గుతాను. దూరం తప్పదనుకుంటే నేలకి ఆనుకుని కాకుండా కాస్త ఎత్తు నుంచి తీయండి. ఏప్రిల్, మే సాయంత్రాలు వదిలేయండి. వాన వెలిసిన రాత్రి గాలిలో దుమ్ము ఉండదు, నేల చల్లబడి ఉంటుంది, తడి రోడ్డు మీద దీపాల నీడలు కూడా దొరుకుతాయి. ఏడాదిలో నాకు దొరికిన మంచి ఫోటోల్లో ఎక్కువభాగం అలాంటి రాత్రులవే. చలికాలం తెల్లవారుజామున గాలి నిలకడగా ఉంటుంది గానీ, పొగ, మంచు కిందికే దిగి నిలబడతాయి. దూరపు షాట్‌కి అది పనికిరాదు.

సంధ్యవేళా, నడిరాత్రా

నడిరాత్రి ఆకాశం నల్లగా, దీపాలు తెల్లగా ఉంటాయి. ఆ తేడాని సెన్సర్ మోయలేదు. నీడలు తెద్దామంటే దీపాలు కరుగుతాయి. సంధ్యవేళ ఆకాశం నీలంగా ఉండగానే దీపాలు వెలుగుతాయి కాబట్టి చిమ్నీ అంచు ఆకాశం ముందు విడిగా కనిపిస్తుంది. షార్ప్‌గా ఉందనిపించడంలో సగం ఆ అంచే.

మన దగ్గర సంధ్య పొట్టిది. ఇంగ్లండ్ లాంటి ఉత్తరాది దేశాలవాళ్లు రాసిన గైడ్లు చదివి వెళ్తే మోసపోతాం. అక్కడ వేసవిలో ఆ నీలం చాలాసేపు ఉంటుంది. విజయవాడ దగ్గర సూర్యుడు దిగిన పావుగంట నుంచి అరగంట దాటే లోపు పని అయిపోవాలి. ట్రైపాడ్, ఫ్రేము, ఫోకస్ అన్నీ సూర్యుడు ఉండగానే సిద్ధం చేసుకుంటే ఆ ఇరవై నిమిషాలు ఫోటోలకే మిగులుతాయి.

నడిరాత్రే తీయాలంటే ఒకే ఫ్రేముని రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది) తేడాతో మూడుసార్లు తీసి కలపండి. పాత సోడియం దీపాలున్న చోట ఇంకో చిక్కు ఉంది. వాటి వెలుగు దాదాపుగా నారింజ రంగే, నీలం చాలా తక్కువ. కెమెరా చూపించే మొత్తం హిస్టోగ్రాం (వెలుతురు ఎక్కడ ఎంత ఉందో చూపే గ్రాఫ్) బాగానే ఉంటుంది, ఎరుపు ఛానల్ మాత్రం ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. నిండిన చోట ఇటుక మీది గరుకు, తుప్పు మీది పొరలు మాయమై మసకలా కనిపిస్తాయి. మూడు రంగుల హిస్టోగ్రాం పెట్టుకుని ఎరుపుని చూసి ఎక్స్‌పోజర్ తగ్గించండి. జేపెగ్ కాకుండా, సెన్సర్ పట్టినదంతా దాచే రా ఫైల్‌లోనే తీయండి, రంగు సర్దుబాటు చేసే వీలు అందులోనే ఉంది.

ఫోన్ సంగతి

2018లో గూగుల్ పిక్సెల్‌లో నైట్ సైట్, 2019లో ఐఫోన్ 11లో నైట్ మోడ్ వచ్చాక చేత్తో రాత్రి ఫోటో తీయడం నిజంగా తేలికైంది. ఫోన్ ఎన్నో చిన్న ఫోటోలు తీసి పేరుస్తుంది, నేను పైన చెప్పిన పదహారు ఫోటోల పద్ధతే. స్నేహితులకి పంపడానికి, చిన్న ప్రింటుకి హాయిగా సరిపోతుంది. అయితే దగ్గరదగ్గరగా ఉన్న పైపులు, జాలీలు, తీగలు ఉన్న చోట నాయిస్ తీయబోయి వివరం కూడా తుడిచేస్తుంది. ఫోనే ఉంటే దాన్ని కూడా ట్రైపాడ్‌కి బిగించండి. కదలడం లేదని తెలిస్తే చాలా ఫోన్లు తామే ఎక్స్‌పోజర్ పెంచుకుంటాయి.

ఎక్కడ నిలబడాలి

స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, రేవు, థర్మల్ కేంద్రం, వీటికి భద్రతా నియమాలుంటాయి. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం కూడా ఉంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశాలంటూ ఉన్నాయి. బోర్డు ఉన్న చోట కెమెరా తీయకండి, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. సెక్యూరిటీ వాళ్లు వచ్చి అడిగితే ఫోటో చూపించి, వద్దంటే వెళ్లిపోండి. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి మీ ఊరి రైస్ మిల్లో, పంచదార ఫ్యాక్టరీయో మేలు. యజమానిని పగలు వెళ్లి అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. కావలసినంత దగ్గరికి వెళ్లొచ్చు, దూరపు గాలి బాధ ఉండదు.

వాయిదా మాత్రం వేయొద్దు. పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో ఒకే రోజు కూల్చేశారు. వాటిని రాత్రిపూట ఒకసారి సరిగ్గా తీద్దామని ఎన్నేళ్లో అనుకున్నాను. నా దగ్గర ఉన్నది బస్సు కిటికీలోంచి తీసిన ఒక ఫోటో, అదీ కదిలినదే.

ఆ ఇంజినీరింగ్ కుర్రాడికి చివరికి చెప్పింది ఇది. ముప్పై వేలలో ఎనిమిది, పది వేలు పెట్టి ఒరగని ట్రైపాడ్ కొనుక్కో, మిగిలింది దాచుకో. అదే 18-55 లెన్స్, ఎఫ్/8, ఐఎస్ఓ 100, పది సెకన్ల టైమర్, ఫోకస్ మాన్యువల్. సూర్యుడు దిగే లోపు అక్కడ ఉండు. ట్రైపాడ్ మడిచే ముందు స్క్రీన్ మీద పెంచి చిమ్నీ మీది ఎర్ర దీపాన్ని చూసుకో. కొక్కెంలా ఉంటే అక్కడే మళ్లీ తియ్యి. పోయిన శనివారం కొత్త ఫోటో పంపాడు. రెయిలింగులు లెక్కపెట్టగలిగాను.